పడవ ట్రైలర్ సర్జ్ బ్రేకులు: అరిగిన భాగాల మరమ్మతులో పాటించవలసిన క్రమం

ధాన్యం బస్తాలతో నిండిన ట్రాలీని లాగుతూ కాలువ గట్టు దిగే ప్రతి ట్రాక్టరు డ్రైవరుకూ ఒక అనుభవం ఉంటుంది. బ్రేకు తొక్కగానే ట్రాక్టరు నిదానిస్తుంది గాని, వెనుకనున్న ట్రాలీ నిదానించదు. ముందున్న వాహనాన్ని నెట్టుకుంటూ వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాలలో కోతల కాలంలో నిత్యం కనిపించే ఈ నెట్టుడునే అమెరికాలో పడవలను మోసే ట్రైలర్లకు బ్రేకు వేసే శక్తిగా మలచుకున్నారు. ఆ ఏర్పాటునే సర్జ్ బ్రేకు అంటారు.

సెలవు రోజున పడవను కారు వెనుక కట్టుకుని సరస్సుకో, సముద్ర తీరానికో వెళ్లడం అమెరికాలో సర్వసాధారణం. తెలుగు జిల్లాల నుంచి వెళ్లి టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో స్థిరపడినవారు సొంత పడవ కొనుక్కునేటప్పుడు ఇంజనును, పడవ అడుగు భాగాన్ని శ్రద్ధగా చూసుకుంటారు. దానిని మోసే ట్రైలరు బ్రేకులు మాత్రం చాలా సందర్భాలలో పరీక్షకు నోచుకోవు. ఇందుకు కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. సర్జ్ బ్రేకు చెడిపోయిన సంగతి డ్రైవరు కాలికి తెలియదు. కారు బ్రేకులో నూనె తగ్గితే పెడలు మెత్తబడుతుంది. ట్రైలరు బ్రేకుకు కారు పెడలుతో ఎటువంటి సంబంధమూ లేదు. అందువల్ల అది పూర్తిగా పనిచేయడం మానేసినా పెడలు ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది. ఆగడానికి పట్టే దూరం మాత్రం పెరుగుతుంది. వెతికితే తప్ప ఈ లోపం బయటపడదు.

ఎలా పనిచేస్తుంది?

ట్రైలరు ముందు భాగంలో, లాగే వాహనపు హిచ్ బాల్‌ను పట్టుకునే కప్లర్ ఉంటుంది. సర్జ్ బ్రేకు ఉన్న ట్రైలరులో ఈ కప్లర్ ఒక లోపలి తొడుగుకు బిగించి ఉంటుంది. ఆ తొడుగు ట్రైలరు చట్రానికి అమర్చిన బయటి తొడుగులో ముందుకు, వెనుకకు జారుతుంది. ఈ మొత్తం అమరికను యాక్చుయేటర్ అంటారు. కారు వేగం తగ్గినప్పుడు ట్రైలరు తన బరువుతో ముందుకు వస్తుంది. అప్పుడు లోపలి తొడుగు వెనుకకు జరిగి, దానికి అమర్చిన కడ్డీ ద్వారా మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. సిలిండర్‌లోని బ్రేకు ద్రవం ఒత్తిడితో గొట్టాల గుండా చక్రాలకు చేరి, డ్రమ్ము బ్రేకులైతే షూలను, డిస్క్ బ్రేకులైతే ప్యాడ్లను బిగిస్తుంది. కారు ఎంత గట్టిగా ఆగితే ట్రైలరు అంత గట్టిగా నెడుతుంది. ఆ మేరకు దాని బ్రేకు కూడా అంత గట్టిగా పడుతుంది.

ప్రతి చిన్న కుదుపుకూ బ్రేకు పడకుండా రెండు తొడుగుల మధ్య ఒక డ్యాంపర్ ఉంటుంది. మోటారు సైకిలు షాక్ అబ్జార్బర్ వంటిదే ఇది. తొడుగులు సాఫీగా జారేందుకు రోలర్లు, బుష్‌లు, అరుగుడు పలకలు ఉంటాయి. విద్యుత్తు అవసరం లేకపోవడం, డ్రైవరు ప్రత్యేకంగా ఏ మీటనూ నొక్కనక్కరలేకపోవడం ఈ బ్రేకులకు ఉన్న అనుకూలతలు. చక్రాలు తరచూ నీట మునిగే పడవ ట్రైలర్లకు వీటిని ఎక్కువగా వాడటానికి ఇదే ముఖ్య కారణం.

లోపాన్ని తెలిపే లక్షణాలు

కారు బయలుదేరినప్పుడు, ఆగినప్పుడు వెనుక నుంచి ‘టక్’మని గట్టిగా శబ్దం వస్తే డ్యాంపర్ గాని, రోలర్లు గాని అరిగి ఉండవచ్చు. అయితే హిచ్ బాల్ వదులైనా ఇదే శబ్దం వస్తుంది కనుక ముందుగా దానిని సరిచూసుకోవాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ ట్రైలరు కారును తోస్తున్నట్లు అనిపిస్తే తొడుగు తుప్పుతో బిగుసుకుపోయి ఉండవచ్చు. ద్రవం తగ్గి ఉండవచ్చు. లేదా చక్రాల వద్ద షూలు అరిగి ఉండవచ్చు. కొంత దూరం ప్రయాణించాక ఒక చక్రపు హబ్ మిగిలినవాటి కన్నా ఎక్కువ వేడిగా ఉంటే ఆ చక్రంలో బ్రేకు వదలడం లేదనో, బేరింగు పాడైందనో అర్థం. అన్ని చక్రాలూ వేడెక్కితే లోపం చక్రాల వద్ద కాక యాక్చుయేటర్ వద్దనే ఉండే అవకాశం ఎక్కువ. తొడుగు వెనుకకు జరిగి అక్కడే ఇరుక్కుపోతే, లేదా అత్యవసర మీట పొరపాటున పడిపోతే అన్ని బ్రేకులూ పట్టే ఉంటాయి.

ఈ బ్రేకులో అత్యంత ప్రమాదకరమైన లోపానికి శబ్దమూ ఉండదు, వేడీ ఉండదు. షూలు అరిగేకొద్దీ వాటికీ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి తొడుగు మరింత లోపలికి జరగవలసి వస్తుంది. చివరకు తొడుగు జరగగలిగినంత దూరమూ జరిగి గోడకు తగిలి ఆగిపోతుంది. అప్పటికీ షూలు డ్రమ్మును పూర్తిగా పట్టవు. మాస్టర్ సిలిండర్ నిండుగా ఉన్నా, గొట్టాలలో కారుడు లేకున్నా బ్రేకు పడదు. కాబట్టి తొడుగు ఎంత దూరం జరుగుతున్నదో చూడటమే ఈ బ్రేకుల ఆరోగ్యానికి మొదటి కొలమానం.

కొలిచే పద్ధతి

సమతల ప్రదేశంలో ట్రైలరును కారుకు తగిలించి, కారును మెల్లగా ముందుకు కదిపి తొడుగు పూర్తిగా బయటకు వచ్చేలా చేయాలి. బయటి తొడుగు అంచు వద్ద లోపలి తొడుగు మీద సుద్దముక్కతోనో, మార్కరుతోనో గీత గీయాలి. తరువాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా ముందుకు నడిపి బ్రేకు వేయాలి. గీత ఎంత లోపలికి వెళ్లిందో మరొకరు పక్క నుంచి చూసి చెప్పాలి. ఆ దూరం తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితిని మించితే చక్రాల వద్ద సర్దుబాటు చేయాలి, లేదా షూలు మార్చాలి. గీత అసలు కదలకపోతే తొడుగు బిగుసుకుపోయినట్లే.

మరమ్మతు మొదలుపెట్టేముందు

పడవ బరువు మీద ఉండగా ట్రైలరు కిందకు వెళ్లకూడదు. గట్టి సమతల నేల మీద నిలిపి, పైకి ఎత్తని చక్రాలకు ముందు, వెనుక అడ్డుదిమ్మలు పెట్టాలి. ఎత్తడానికి జాకీ వాడినా, ఎత్తిన తరువాత బరువును స్టాండ్ల మీద నిలపాలి. పాత లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున దానిని గాలి కొట్టి ఎగరగొట్టకూడదు. బ్రేకులు శుభ్రపరిచే ద్రవంతో తడిపి తుడవాలి. బ్రేకు ద్రవం రంగును తినేస్తుంది కాబట్టి పడవ మీద పడితే వెంటనే నీటితో కడగాలి.

మొదట ముందు భాగం

చాలామంది చక్రాలు విప్పి షూలు మార్చి పని అయిపోయిందనుకుంటారు. తొడుగు సాఫీగా జారకపోతే కొత్త షూల వల్ల ప్రయోజనం ఉండదు. అందువల్ల పని ముందు నుంచి వెనుకకు సాగాలి.

యాక్చుయేటర్‌ను విప్పేముందు దాని నమూనా సంఖ్యను, సామర్థ్యాన్ని తెలిపే చీటీని చూసి రాసుకోవాలి. విడిభాగాలు నమూనాను బట్టి మారుతాయి. లోపలి తొడుగును బయటకు తీసి తుప్పును, పాత గ్రీజును తొలగించాలి. రోలర్లు ఒక పక్క చదునుగా అరిగినా, బుష్‌ల రంధ్రాలు కోలగా మారినా, పిన్నులపై గాడి పడినా మార్చివేయాలి. వీటిని జతగా మార్చడం మేలు. ఒక పక్క కొత్తది, మరొక పక్క పాతది ఉంటే తొడుగు వంకరగా జారి మళ్లీ పట్టేస్తుంది. తొడుగు లోహం పలచబడినా, పగుళ్లు కనిపించినా వెల్డింగుతో సరిపెట్టకూడదు, యాక్చుయేటర్‌నే మార్చాలి. ట్రైలరు మొత్తం బరువును లాగేది ఆ లోహమే.

డ్యాంపర్‌ను విప్పి చేతితో లాగి, నొక్కి చూడాలి. మంచి డ్యాంపర్ రెండు వైపులా ఒకే విధమైన నిరోధం చూపుతుంది. ఎక్కడైనా ఖాళీగా కదిలినా, ఒంటి మీద నూనె చెమర్చినా అది పనికిరాదు. దీనిని విప్పి బాగుచేసే వీలుండదు, కొత్తది అమర్చవలసిందే.

కప్లర్ మీద ముద్రించిన కొలత, హిచ్ బాల్ కొలత ఒకటే అయి ఉండాలి. అమెరికాలో 1-7/8, 2, 2-5/16 అంగుళాల బాల్స్ వాడుకలో ఉన్నాయి. 2 అంగుళాల కప్లర్‌ను 1-7/8 అంగుళాల బాల్‌పై పెడితే పట్టినట్లే కనిపిస్తుంది గాని, గతుకులో ఊడిపోగలదు. ట్రైలరు ముందు భాగం పైకెత్తినట్లుగా కాక సమంగా ఉండేలా బాల్ ఎత్తును ఎంచుకోవాలి. వంపు ఎక్కువైతే తొడుగు ఒరుసుకుని సరిగా జారదు.

మాస్టర్ సిలిండర్

మూత తెరిచి ద్రవం రంగు చూడాలి. కొత్త ద్రవం తేనె ఛాయలో తేటగా ఉంటుంది. నల్లబడినా, మడ్డి కనిపించినా మొత్తం మార్చాలి. సిలిండర్ వెనుక రబ్బరు తొడుగు కింద తడి కనిపిస్తే లోపలి సీళ్లు పోయినట్లు. సిలిండర్ లోపలి గోడపై గుంటలు పడితే సీళ్లు మాత్రమే మార్చడం వల్ల లాభం లేదు, సిలిండర్‌నే మార్చాలి.

కొత్తది కొనేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. డ్రమ్ము బ్రేకులకు ఉద్దేశించిన సిలిండర్‌లో, గొట్టాలలో స్వల్ప ఒత్తిడిని నిలిపి ఉంచే కవాటం ఉంటుంది. డిస్క్ బ్రేకులకు అది ఉండకూడదు. పొరపాటున డ్రమ్ము సిలిండర్‌ను డిస్క్ బ్రేకులకు అమరిస్తే ప్యాడ్లు డిస్క్‌ను వదలక, ప్రయాణంలో వేడెక్కి త్వరగా అరిగిపోతాయి. డ్రమ్ముల స్థానంలో డిస్కులు వేయించుకునేవారు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

చక్రాల వద్ద

డ్రమ్ము విప్పాక షూ లైనింగు మందం చూడాలి. అతికించిన లైనింగు 1/16 అంగుళానికి, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లకు చేరితే మార్చాలి. గ్రీజు గాని, బ్రేకు ద్రవం గాని పీల్చుకున్న లైనింగును కడిగి వాడకూడదు. ఒక చక్రానికి మార్చితే అదే ఇరుసుకు రెండో పక్క చక్రానికి కూడా మార్చాలి. లేకుంటే బ్రేకు వేసినప్పుడు ట్రైలరు ఒక పక్కకు లాగుతుంది. డ్రమ్ము లోపలి వ్యాసం దానిపై ముద్రించిన గరిష్ఠ కొలతను దాటితే సాన పట్టించి ప్రయోజనం లేదు. వీల్ సిలిండర్ రబ్బరు మూతలను కొద్దిగా ఎత్తి చూస్తే లోపల కారుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

కొత్త షూలు వేశాక వెనుక పలకలోని సందు గుండా పళ్ల చక్రాన్ని తిప్పి, చక్రం చేతితో తిరగనంతగా బిగించాలి. తరువాత అది స్వేచ్ఛగా తిరిగే వరకు వదులు చేయాలి. ఈ సమయంలో చక్రాన్ని ముందుకు వెళ్లే దిశలోనే తిప్పి చూడాలి. ట్రైలరు డ్రమ్ము బ్రేకులు చాలావరకు వెనుకకు తిరిగేటప్పుడు పట్టు వదిలేలా తయారవుతాయి కనుక వెనుకకు తిప్పితే సర్దుబాటు సరిగా తెలియదు.

డిస్క్ బ్రేకులలో ప్యాడ్ల మందంతోపాటు క్యాలిపర్ జారే పిన్నులను చూడటం ముఖ్యం. ఉప్పునీటి వల్ల ఇవి బిగుసుకుపోతే లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోయి, బయటి ప్యాడ్ కొత్తగా కనిపిస్తుంది. బయటి నుంచి చూసి బాగుందనుకుని మోసపోయే సందర్భం ఇదే. ఉక్కు బ్రేకు గొట్టాలపై తుప్పు పొర లేస్తున్నా, రబ్బరు గొట్టాలపై పగుళ్లు కనిపించినా అప్పుడే మార్చాలి. చక్రం విప్పిన అవకాశంలోనే బేరింగులను కూడా చూసుకోవాలి. గ్రీజు పాలవలె తెల్లబడి ఉంటే సీలు దాటి నీరు లోపలికి వెళ్లినట్లు.

ద్రవం నింపడం, గాలి తీయడం

ఈ బ్రేకులలో మామూలుగా డాట్-3, డాట్-4 రకం ద్రవాలు వాడతారు. ఏది వాడవలసినదీ సిలిండర్ మూతపై ఉంటుంది. ఇంజను ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. సిలికాన్ ఆధారిత డాట్-5ను వీటితో కలపరాదు. డాట్-3, డాట్-4 ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్-3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టిన తరువాత ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4కు ఇవి 230, 155 డిగ్రీలు. పొడవైన కొండ దిగుడులో ట్రైలరు కారును నెడుతూనే ఉంటుంది కాబట్టి సర్జ్ బ్రేకు ఎడతెగకుండా పడుతుంది. ఆ వేడికి పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే తొడుగు ఎంత నొక్కినా ఆ బుడగలే నలుగుతాయి గాని, చక్రానికి ఒత్తిడి చేరదు. ఏటా ద్రవం మార్చాలన్న సూచన వెనుక ఉన్న కారణమిదే. దిగుడులో కారును తక్కువ గేరులో నడిపితే బ్రేకులపై భారం తగ్గుతుంది.

గాలి తీసే పని మాస్టర్ సిలిండర్‌కు అత్యంత దూరంగా ఉన్న చక్రంతో మొదలుకావాలి. రెండు ఇరుసులుంటే వెనుక ఇరుసు ముందు పూర్తి చేయాలి. బ్లీడర్ స్క్రూకు పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో చివరను కొంత ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు యాక్చుయేటర్ కడ్డీని నెమ్మదిగా నొక్కుతుండగా మరొకరు స్క్రూను వదులు చేసి, కడ్డీని వదిలేముందు బిగించాలి. బుడగలు ఆగే వరకు ఇలా చేయాలి. ఈలోగా మాస్టర్ సిలిండర్ ఖాళీ కాకుండా ద్రవం పోస్తూ ఉండాలి. ఖాళీ అయితే పని మళ్లీ మొదటికి వస్తుంది.

వెనుకకు నడిపేటప్పుడు

కారును వెనుకకు నడిపినా తొడుగు లోపలికి నెట్టుకుపోతుంది. అంటే వెనుకకు వెళ్లబోతే బ్రేకు పడుతుంది. డ్రమ్ము బ్రేకులలో దీనికి పైన చెప్పిన ఏర్పాటు ఉంది. డిస్క్ బ్రేకులు ఏ దిశలోనైనా ఒకేలా పట్టుకుంటాయి కాబట్టి, కారు రివర్స్ దీపం వెలిగినప్పుడు ద్రవాన్ని అడ్డుకునే విద్యుత్ కవాటాన్ని అమరుస్తారు. దీనికి ట్రైలరు ప్లగ్గులో ఐదో తీగ అవసరం. నాలుగు తీగల ప్లగ్గు ఉన్న కారుకు తగిలిస్తే, రేవు వాలులో పడవను నీటిలోకి దింపబోయేసరికి ట్రైలరు మొరాయిస్తుంది. ఇది బ్రేకు లోపం కాదు, తీగ లోపం. మరమ్మతు తరువాత రివర్స్ గేరు వేసి కవాటం ‘టిక్’మనే శబ్దం వింటే అది పనిచేస్తున్నట్లు తెలుస్తుంది.

చివరి రక్షణ

కప్లర్ ఊడిపోతే బ్రేకు పడేందుకు యాక్చుయేటర్‌కు ఒక అత్యవసర మీట, దానికి కేబుల్ లేదా సన్నని గొలుసు ఉంటాయి. దీనిని కారు చట్రానికి గట్టిగా తగిలించాలి. హిచ్ బాల్‌కు చుట్టకూడదు. వంపులలో దానంతట అదే లాగబడనంత పొడవు ఉండాలి, నేలకు రాసుకోకూడదు. భద్రతా గొలుసులను కప్లర్ కింద అడ్డంగా ఒకదానిపై ఒకటి వేయాలి. కప్లర్ ఊడినా ట్రైలరు ముక్కు నేలను గుద్దకుండా అవి మోస్తాయి. ఒకసారి మీట పడిందంటే తయారీదారు చెప్పిన పద్ధతిలో దానిని విడిపించే వరకు ట్రైలరును లాగకూడదు.

రేవు వద్ద జాగ్రత్తలు

దూరం నుంచి వచ్చిన వెంటనే ట్రైలరును నీటిలోకి దింపడం మంచిది కాదు. వేడిగా ఉన్న హబ్ చన్నీటిలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లాక్కుంటుంది. హబ్‌లు చల్లబడే వరకు ఆగాలి. ఉప్పునీటిలో దింపిన ప్రతిసారీ బ్రేకులను, యాక్చుయేటర్‌ను మంచినీటితో కడగాలి. డ్రమ్ము లోపలికి నీరు పంపే ప్రత్యేక అమరికలు దొరుకుతాయి.

చట్టం ఏమంటోంది?

ట్రైలరుకు సొంత బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరి అన్నది అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో ఈ హద్దు మొత్తం బరువు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు, అంటే సుమారు 2,040 కిలోలు. పడవ, ఇంజను, ఇంధనం, సామాను, ట్రైలరు అన్నీ కలిపి లెక్కించాలి. వాణిజ్య వాహనాల ట్రైలర్లకు సర్జ్ బ్రేకులను బరువు పరిమితులతో అనుమతిస్తూ కేంద్ర ప్రభుత్వం 2007లో నిబంధన తెచ్చింది. దాని ప్రకారం 12,000 పౌండ్ల వరకు సామర్థ్యం గల ట్రైలరు, లాగే వాహనపు సామర్థ్యానికి 1.75 రెట్లు మించకూడదు. బ్రిటన్‌లో ఇవే ఓవర్‌రన్ బ్రేకులుగా ప్రసిద్ధం. అక్కడ 750 కిలోల పైబడిన ట్రైలర్లకు బ్రేకులు ఉండాలి. ఓవర్‌రన్ పద్ధతిని 3,500 కిలోల వరకే అనుమతిస్తారు.

చివరి పరీక్ష

మరమ్మతు పూర్తయ్యాక ఎత్తి ఉంచిన చక్రాన్ని ముందుకు తిప్పుతూ యాక్చుయేటర్ కడ్డీని నొక్కితే చక్రం ఆగాలి, వదిలితే తిరగాలి. అన్ని చక్రాలనూ ఇలా చూశాక కిందకు దించి, నట్లను తయారీదారు చెప్పిన బిగువుకు బిగించాలి. రద్దీ లేని దారిలో తక్కువ వేగంతో పలుమార్లు ఆగి చూడాలి. కొద్ది మైళ్ల తరువాత నిలిపి హబ్‌ల వేడిని పోల్చుకోవాలి. సుమారు 50 మైళ్ల తరువాత చక్రాల నట్లను మళ్లీ బిగించాలి. చివరగా సుద్ద గీతతో తొడుగు జరిగే దూరాన్ని మరోసారి కొలిచి, ఆ అంకెను తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. మరుసటి ఏడాది అదే కొలత పెరిగిందంటే, పెడలు చెప్పని సంగతిని ఆ అంకె చెబుతుంది.

మన పల్లెల్లో తిరిగే ట్రాలీలలో చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు. మొత్తం బరువును ట్రాక్టరు బ్రేకులే ఆపాలి. అందుకే గట్టు దిగేముందు తక్కువ గేరులోకి మారడం, ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను కలిపి బిగించుకోవడం, హిచ్ పిన్ను అరుగుదలను చూసుకోవడం తప్పనిసరి. సరస్సు దారిలోనైనా, కాలువ గట్టు మీదనైనా వెనుకనున్న బరువు ముందున్న వాహనాన్ని నెట్టే తీరు ఒక్కటే.